అక్క కంప్యూటర్లో కొత్త కార్డు

స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది.

"చంపేశావా దాన్ని?" అంది అక్క. కుర్చీలోంచి లేచి నా పక్కకొచ్చింది.

ఇళ్ల ప్లాన్లు గీసే అక్కకి ఆ సెకండ్ హ్యాండ్ కంప్యూటరే అన్నం పెడుతోంది. కొన్నాళ్లుగా తెరమీద గీతలు అలుక్కుపోతున్నాయనీ, ఈ ముసలి కంప్యూటర్‌కి బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ మెమరీ చాలడం లేదనీ అక్క నా ప్రాణం తోడేస్తోంది. అందుకే మెమరీ ఎక్కువున్న గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించాను.

చెమట పట్టిన చేతుల్తో పెట్టె వెనక తడిమాను. మానిటర్ వైరు ఇంకా పాత సాకెట్లోనే ఉంది! లాగి కొత్త కార్డుకి తగిలించాను. తెర ఒక్కసారిగా వెలిగింది.

"హమ్మయ్య, బతికించావురా!" అంటూ అక్క తన ప్లాను తెరిచింది. గోడలు, తలుపులు, మెట్లు... ఒక్కో గీతా వెంట్రుకంత సన్నగా, కత్తితో కోసినట్టు నాకు కనిపిస్తోంది. ఊపిరి పీల్చుకున్నాను.

అక్క ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వంగింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"అంతా దండగరా తమ్ముడూ. గీతలు ఇంకా అలాగే అలుక్కుపోయి ఉన్నాయి. మానిటర్ కూడా పాడైనట్టుంది. అదీ మార్చేద్దామా?"

ఇందాక ఇద్దరం భయపడ్డాం. ఇప్పుడు నేనొక్కణ్ణే.