తిప్పేషును తరిమిన ఎలుగుబంటి

తిప్పేష్ పడుతూ లేస్తూ గురప్ప హోటల్లోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఎలుగ్గొడ్డు... కొండమలుపు కాడ... ఎంటబడె."

గురప్ప టీ కాచడం ఆపి చెంబుతో నీళ్లిచ్చాడు. తిప్పేషుకు పరుగు నేర్పుతున్న పాత హోంగార్డు పుల్లన్న మాత్రం తన చేతి గడియారం చూసుకుంటున్నాడు.

"ఎలుగ్గొడ్డు సంగతి తర్వాత. ఈపొద్దు టైములోపల వచ్చినావురా. ఇన్నాళ్లకు మొదటిసారి."

పోయినసారి కానిస్టేబుల్ సెలెక్షన్లో తిప్పేషుకు పరుగే దెబ్బ కొట్టింది. వెంట్రుకవాసిలో పోయింది ఉద్యోగం. ఈసారి సెలెక్షను ఇంకో మూడు రోజుల్లో, అనంతపురంలో. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరు. చేలో చూస్తే వానల్లేక చెనిక్కాయ పైరుకు ఊడ కూడా నేలలోకి దిగలేదు. ఇదీ పోతే రాయదుర్గం చేరి జీన్సు ప్యాంట్లు కుట్టుకోవడమే గతి.

మూలన కూర్చున్న రామదాసు బీడీ ఆర్పాడు. అడవిశాఖలో వాచరు, ఆ కొండలన్నీ తిరిగినవాడు.

"మనిషి ఉరికి ఎలుగ్గొడ్డును దాటేది వట్టి మాట. చూసేదానికే అది మొద్దు. ఉరికితే గుర్రమే."

"పల్లంలోకి ఉరికితే బొచ్చు కండ్లకు అడ్డం పడతాదంట కదప్పా," అన్నాడు గురప్ప.

"అది చెప్పినోడు ఎలుగ్గొడ్డును చూసుండడు. పల్లమైనా మిట్టైనా పట్టుకుంటాది. ఉరికితేనే తరుముతాది. నిలబడి, మెల్లగా మాట్లాడతా ఎనక్కి నడిస్తే చానావరకు వదిలేస్తాది."

"మరి నేనెట్ల బతికి వచ్చినా, రామదాసన్నా?"

"అదే నాకూ అర్థం కాల్యా."

మర్నాడు కూడా అదే చోట, అదే మసక చీకట్లో, బండల వెనకనుంచి నల్లగా వంగి గుర్రుమంటూ వెంటపడింది. తిప్పేష్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తాడు. ముందురోజుకన్నా బాగా ముందే వచ్చి పడ్డాడు.

"దాన్ని ఎవరూ ఏమీ అనద్దండప్పా. దినామూ టీ పోయిస్తా," అన్నాడు పుల్లన్న సంబరంగా.

రామదాసు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అది నిజం ఎలుగ్గొడ్డయితే వీడు ఈడ ఉండడు."

ఆ మాట తిప్పేష్ బుర్రలో దూరి తొలుస్తూనే ఉంది. ఇంటికి పోయేసరికి వాళ్లమ్మ హనుమక్క గడప మీద కూర్చుని మోకాళ్లకు ఆముదం రుద్దుకుంటోంది.

"ఏమమ్మా, కాళ్లకేమాయె?"

"వయసప్పా. నీ మాదిరి ఉరికే వయసా నాది?" అని ముఖం తిప్పుకుంది. ఎందుకో నవ్వు దాచుకుంటున్నట్టు అనిపించింది.

లోపల చిలక్కొయ్యకు నాయన నల్లగొంగళి వేలాడుతోంది. ఆయన గొర్రెలు కాచిన రోజుల్లోది, పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు చూస్తే దాని నిండా ఉత్తరేణి గింజలు. అంచులు మంచుకు తడిసి ఇంకా ఆరలేదు.

తిప్పేష్ గొడ్ల కొట్టంలోకి పోయి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ ఏడ్చాడు. కూర్చుంటే లేవలేని మనిషి, తన కోసం తెల్లారకముందే అడ్డదారిన కొండ చేరి, గొంగళి ముసుగేసుకుని ఉరికిందా? తెలిసిపోయిందని చెబితే ఆమె సంబరం చెడిపోతుందని నోరు మెదపలేదు.

మూడోరోజు పొద్దున పరుగు ముగించి, హోటలు దగ్గరే కళ్యాణదుర్గం బస్సెక్కి అనంతపురం పోవాలి. సంచీ రాత్రే గురప్ప దగ్గర పెట్టాడు. పరుగయ్యాక తినమని అమ్మ ఇచ్చిన చెనిక్కాయ ఉండలు తువ్వాల్లో కట్టుకుని బయల్దేరాడు. అమ్మ తలదాకా గొంగళి కప్పుకుని పడుకుని ఉంది. అప్పుడే వేషం కూడా కట్టిందే అని నవ్వుకుని, లేపకుండా వెళ్లాడు.

మలుపు దగ్గర బండల వెనకనుంచి అది వచ్చింది. ఈరోజు వేషం ఇంకా బాగా కుదిరింది. తిప్పేష్ పరిగెత్తలేదు. నిలబడ్డాడు. అదీ నిలబడింది.

"ఇంక చాల్లేమ్మా," అన్నాడు మెల్లగా. "మోకాళ్లు పోగొట్టుకుంటావు."

అది రెండు కాళ్ల మీద లేచి గుర్రుమంది.

"కోపమెందుకు? రేపు గెలుస్తా, చూడు. ఇవి నువ్వే తిను. నాకు పెట్టి నువ్వు పస్తులుంటాండావని నాకు తెలీదా?"

ఉండలు బండ మీద పెట్టి, వంగి నేలకు మొక్కాడు. అది వాసన చూస్తూ బండ దగ్గరకు వచ్చింది. ముసుగు తీస్తే ఇద్దరికీ ఏడుపొస్తుందని, పోయొస్తానమ్మా, పోయొస్తానని చెబుతూనే వెనక్కి నడిచి మలుపు తిరిగాడు.

మర్నాడు అనంతపురం మైదానంలో పరిగెత్తినంతసేపూ వెనకాల అమ్మ రొప్పు వినిపిస్తూనే ఉంది. ఆగితే ఆమె కష్టమంతా బూడిదైపోతుందని కాళ్లు ఆగలేదు. అందరికన్నా ముందొచ్చాడు.

సాయంత్రానికి ఊరు చేరాడు. గురప్ప హోటల్లో అందరికీ టీలు అయ్యాక ఇంటికి పోతే, హనుమక్క గోడ పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంది. ముఖం ముడుచుకుని ఉంది.

"గెలిచినావంటనే. మంచిదే. తల్లికి చెప్పకుండానే పోతావా?"

"చెప్పే పోతి కదమ్మా. మొక్కి మరీ పోతి. ఆ ఎలుగ్గొడ్డు నువ్వేనని నాకు ముందే తెల్సు."

హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుగా నవ్వింది. "తెల్సిపోయెనా?"

"నిన్న ఇంకా బాగా చేస్తివి. ఉండలు తింటివా మరి?"

"యా ఉండలురా?"

"నిన్న పొద్దున కొండమలుపు కాడ నీ ముందర పెడితి కదా."

హనుమక్క నవ్వు ఆగిపోయింది. కొడుకు తల, భుజాలు, చేతులు ఆత్రంగా తడిమి చూసింది.

"నిన్న నేను మంచమే దిగల్యా నాయనా."