వెనక్కి వచ్చిన బో క్లిప్పు

తలుపు తీయగానే, బయట నిలబడ్డ పెద్దావిడ అరచెయ్యి చాచింది. అందులో ఎర్ర రిబ్బన్ బో క్లిప్పు, రెండు ముక్కలుగా.

"నిన్న మా మనవరాలికని కొన్నాను. ఇవాళ ఇదీ దీని వాలకం!"

ఆ ఇంటి కోడలు గతుక్కుమంది.

వీధివైపు కిటికీకి గుడ్డ పట్టీ కట్టి, తను చేసిన బో క్లిప్పులు దానికి అమ్మకానికి తగిలించి పది రోజులైంది. రిబ్బను, బట్టల ఫ్యాక్టరీ వాళ్లు తూకానికి అమ్మేసే తుంపులు. నడుమ మెరిసే గుండీలు, ఇంట్లో పాత చొక్కాలవి.

"మా వాడి చొక్కాలకి ఒక్క గుండీ అయినా మిగులుస్తావా తల్లీ?" అని అత్తగారు రోజూ మొత్తుకుంటూనే ఉంది.

కోడలు ముక్కలు తిప్పి చూసింది. "మీ మనవరాలు దీన్ని తల్లో పెట్టుకుందా, దీంతో కుస్తీ పట్టిందా అండీ?"

"రెండూ అనుకో. తడి తగిలింది, జిగురు వదిలింది. నడుమ దారంతో బిగించి ఉంటే ఊడేదా?"

కోడలు ఇంకోటి ఇచ్చి పంపింది.

గొడవ పెట్టుకునే తీరిక లేదు. భర్త పనిచేసే ప్రెస్సు మూతపడింది. బజారులో ఫ్యాన్సీ షాపాయన శనివారం ఆమె నమూనాలు చూస్తానన్నాడు. నచ్చితే నెలనెలా ఆర్డరు, ఇంట్లోనే పని. నచ్చకపోతే సోమవారం నుంచి ఊరవతల ప్యాకింగ్ పని. రెండేళ్ల పాప నిద్ర లేవకముందే వెళ్లాలి, పడుకున్నాకే రావాలి.

"రెండు నెలలు అలా గడిస్తే, అది నన్ను చూసి 'ఎవరు?' అంటుంది అత్తయ్యా."

"శనివారం రానీ. ఇప్పట్నించీ ఏడవకు, రిబ్బనుకి మరకలు పడతాయి."

మర్నాడు మళ్లీ తలుపు చప్పుడు. ఈసారి నీలం బో. చివర్ల నుంచి దారాలు లేచి నిలబడ్డాయి.

"పిల్లి మీసాల్లా లేవూ?" అంది పెద్దావిడ.

"అంచులు కొవ్వొత్తి మంటలో పెట్టే చేశానండీ."

"మంటలో పెట్టావు కాబట్టే ఓ చోట మాడింది, ఓ చోట అంటుకోలేదు. మంటలో కాదమ్మాయ్, మంట పక్కన."

"చాదస్తం!" అంది కోడలు, బదులుగా ఇంకోటి ఇచ్చి పంపి తలుపు వేశాక.

అయినా కొవ్వొత్తి వెలిగించింది. రిబ్బను అంచుని మంట పక్కగా, ఆనించీ ఆనించనట్టు తిప్పింది. అంచు కరిగి, గోరులా నున్నగా గట్టిపడింది.

అత్తగారు తొంగిచూసింది. "చాదస్తం బాగానే పనిచేస్తోందే!"

గురువారం మూడోది వచ్చింది. పచ్చ బో. ఎక్కడా ఊడలేదు, చిరగలేదు.

"దీనికేమైందండీ?"

"జుట్టులో నిలవడం లేదు. జారిపోతోంది."

లోపల పాప ఏడుపు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి. నమూనాలకి ఇంక రెండే రోజులు. కోడలికి ఒళ్లు మండిపోయింది.

"ఊళ్లో ఇంకెక్కడా క్లిప్పులు దొరకవా మీకు? కొన్న ప్రతిదీ తిప్పి తెస్తారు! ఇవిగో మీ డబ్బులు. మళ్లీ ఈ గుమ్మం ఎక్కకండి."

పెద్దావిడ డబ్బులకేసి చూడనైనా చూడలేదు.

"సైకిలు వాల్వు రబ్బరు ట్యూబు చిన్న ముక్క కోసి, క్లిప్పు పలకకి తొడుగు. జారదు" అంది.

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది.

"అంత మాట అనాల్సింది కాదు" అంది అత్తగారు.

"తెలుసత్తయ్యా."

కోడలు అప్పటికే మంచం కింద దూరి, భర్త సైకిలు సామాను డబ్బా బయటికి లాగుతోంది.

శనివారం. గల్లా బల్ల వెనక షాపాయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. బో పట్టుకుని రెండు వైపులా గుంజాడు. అంచుని గోటితో గీరాడు. గ్లాసు నీళ్లలో ముంచి తీశాడు. చివరికి కుచ్చు చీపురుకి తగిలించి, ఫటాఫటా దులిపాడు.

కోడలు చీపురుకేసి చూసింది.

బో కదల్లేదు.

"వచ్చే నెల నుంచి మీరే చెయ్యండమ్మా" అన్నాడు.

ఆమె కళ్ల ముందు పాప మొహం మెదిలింది.

"ఇంత పనితనం ఎక్కడ నేర్చుకున్నారు?"

ఒప్పేసుకుందామనిపించింది. "నాదేం లేదండీ. ఒక పెద్దావిడ మనవరాలి కోసం కొనేది, ఏదో వంక చెప్పి తిప్పి తెచ్చేది. ఆ వంకలన్నీ సరిచేశానంతే. మొన్న మరీ చిరాకొచ్చి, గుమ్మం ఎక్కొద్దన్నాను. ఇవాళే వెతికి పట్టుకుని, క్షమించమని అడుగుతాను."

షాపాయన చేతిలో చీపురు పక్కన పెట్టేశాడు.

"ఆవిడకి పిల్లలే లేరమ్మా, మనవరాలెక్కడిది? చేతులు వణుకుతున్నాయి, ఒంటరిగా ఉండలేనని పొద్దుటి బస్సుకే చెల్లెలి ఊరు వెళ్లిపోయింది."

"మీకు... ఆవిడ తెలుసా?"

"ఇరవై రెండేళ్లుగా ఈ షాపుకి బో క్లిప్పులు చేసిందే ఆవిడ" అన్నాడతను. "తన పని అందుకునే మనిషి దొరికితే గానీ ఊరు వదలనని నెల రోజులు కిటికీ కిటికీకీ తిరిగి, మొన్న గురువారం సాయంత్రం నవ్వుకుంటూ వచ్చి, మీ ఇంటి నంబరు రాసిచ్చింది."