ఎర్ర గ్రహం మీద పరుగు

"వంగు! ఎడమ పక్కకి! ఎగురమ్మా, ఎగురు!" సోఫాలో కూర్చునే కేకలు పెడుతున్నాడు మలాకి.

టీవీ ముందు ఎనిమిదేళ్ల ఫెతూ ఎగిరింది. టీవీ కిందున్న చిన్న పెట్టె ఆమె ఒంటి కదలికలన్నీ కనిపెడుతుంది. ఆమె ఎగిరితే తెర మీద, ఎర్ర గ్రహంలో, యోధురాలు ఎగురుతుంది. ఆమె చెయ్యి విసిరితే మెరుపు బల్లెం ఇనుప సైనికుల మీదికి దూసుకుపోతుంది. ఆఖరి కోట దగ్గర మాత్రం ఎప్పుడూ ఓటమే. అక్కడ ఇద్దరుండాలి. ఒకరు పోరాడుతుంటే ఇంకొకరు కోట తలుపు ఎత్తి పట్టుకోవాలి.

"నాన్నా, నువ్వూ రావా?"

"నా నడుం సంగతి తెలుసుగా తల్లీ."

తెలుసు. చలికాలం మొదట్లో నాన్నకి నడుం పట్టేసింది. అప్పటినుంచి మాంసం ఫ్యాక్టరీలో పనికి వెళ్లడం లేదు. సంతకి రాడు. రగ్బీకి తీసుకెళ్లడు.

"రేపు చర్చికైనా వస్తావా?"

రేపు పిల్లల ఆదివారం. వాళ్లుండే మాంగెరే పేటలోని సమోవా పిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని, చర్చిలో ఒక్కొక్కరే నిలబడి బైబిలు వచనాలు ఒప్పజెప్పే రోజు. పోయినేడు ఫెతూ మధ్యలో ఆగిపోయింది. ముందు వరసలో కూర్చున్న నాన్న చప్పుడు లేకుండా పెదవులు కదిపితే, అవి చూసి అందుకుంది.

"నువ్వు ఎదురుగా లేకపోతే నాకు మాటలు రావు నాన్నా."

మలాకి కూతురి జుట్టు సరిచేశాడు.

మర్నాడు పొద్దున్న ఇల్లంతా కొబ్బరిపాల వాసన. పండక్కని వెల్లింగ్టన్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన పెపే, తమ్ముణ్ణి చూడగానే అందుకుంది.

"ఒరేయ్ మలాకీ, చర్చి బల్ల మీద కాసేపు కూర్చుంటే నీ నడుం ఊడిపోతుందా? అంతదూరం నుంచి బండి తోలుకొచ్చాను. నా నడుం నిలవలేదూ?"

"నీది నడుమా అక్కా? ఓడ కట్టేసే స్తంభం!"

"నోటికేం తక్కువ లేదు. ముందు ఆ పొడుగు ప్యాంటు విప్పేసి, మనవాళ్లలాగా లావాలావా లుంగీ చుట్టుకో. ఆదివారం పూట ఆ అవతారమేంట్రా?"

మలాకి నవ్వేసి ఊరుకున్నాడు. బట్టలు మార్చుకోలేదు.

తెల్లగౌను ఇస్త్రీ చేస్తున్న లూసియా, భర్త దగ్గరికి రాగానే గొంతు తగ్గించింది.

"మళ్లీ అడిగావా?"

"అడిగాను. వాళ్లు ఒప్పుకోలేదు."

"దానికి చెప్పేద్దాం మలాకీ. ఎన్నాళ్లని ఇలా?"

"పండగ వెళ్లనీ."

పిల్లకి గౌను తొడిగి, పిల్లల ఏర్పాట్లు చూడాలని లూసియా ముందే చర్చికి నడిచి వెళ్లిపోయింది. ఈ రోజు ఇళ్లలో పిల్లలు తిన్నాకే పెద్దలు తినాలి.

"మధ్యాహ్నం ఇంటికొచ్చాక నీకు నేనే వడ్డిస్తా. నువ్వు మహారాణివి, నేను నౌకర్ని," అన్నాడు మలాకి, పెపే కారు ఎక్కబోతున్న ఫెతూతో.

ఫెతూ నవ్వలేదు.

కారు వెళ్లిపోయింది. రెండు వీధుల అవతలి చర్చిలో పాట మొదలైంది. మలాకి కిటికీలు మూశాడు. పాట ఆగలేదు. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, టీవీ పెట్టి, చప్పుడు పూర్తిగా తగ్గించాడు.

చిన్నప్పుడు ఆదివారం ఆటలాడితే అమ్మ వీపు చీరేసేది. ఆ సంగతి గుర్తొచ్చినా ఆగలేకపోయాడు. ఇన్ని నెలలుగా ఇంట్లో ఎవరూ లేనప్పుడు అతను చేస్తున్నది ఇదే. అతని కాళ్లకి తనివితీరా పరుగు దొరికేది ఆ ఎర్ర గ్రహం మీదే. వంగాడు, దొర్లాడు, లేచాడు. మెరుపు బల్లెం విసురుతూ గాల్లోకి ఎగిరాడు.

అతను నేలమీద పడేసరికి గుమ్మంలో ఫెతూ ఉంది. మరిచిపోయిన పూలదండ కోసం చర్చి దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"నీ నడుం..." అంది.

అతని చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. ఒక్క మాట చెబితే చాలు. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ తెల్లగౌను చూస్తూ చెప్పలేకపోయాడు.

"ఆడాలనిపించిందమ్మా."

"అంటే, నడుం నొప్పి అబద్ధమా?"

మలాకి టీవీ ఆపేశాడు.

"నా వచనాల కంటే నీకు ఈ ఆటే ఎక్కువా నాన్నా?"

అవునని అనుకుంటే అనుకోనీ అనిపించింది. అసలు సంగతి కంటే అదే నయం.

ఫెతూ దండ తీసుకుని బయటికి పరుగెత్తింది. అతని నిశ్చయం నాలుగడుగులు కూడా నిలవలేదు. మలాకి వెనకే పరుగెత్తాడు.

"వార్నీ! నడుం కుదిరిందే!" కారులోంచి పెపే అరిచింది. "ఇంకేం, ఉన్నపళంగా ఎక్కు! ఆ ప్యాంటుతోనే రా, దేవుడు ఏమీ అనుకోడులే!"

ఫెతూ కళ్లు తుడుచుకుంది. కారు వెనక తలుపు తీసి, జరిగి చోటిచ్చింది.

"రా నాన్నా. నాకు కోపం లేదు. నిజంగా లేదు. రా."

మలాకి గేటు దగ్గర ఆగిపోయాడు. చెయ్యి గేటు మీద వేశాడు. తెరవలేదు.

"మీరు వెళ్లండి," అన్నాడు.

ఫెతూ తనే తలుపు వేసుకుంది.

కారు మలుపు తిరిగాక మలాకి మెట్ల మీద కూలబడి, ప్యాంటు అంచు పైకి లాగి, జైలుకు బదులుగా శిక్ష తీరేదాకా ఈ గేటు దాటకూడదంటూ కోర్టు వాళ్లు అతని చీలమండకు బిగించిన నిఘా పట్టీ కింద, ఒరుసుకుపోయిన చర్మాన్ని మెల్లగా రుద్దుకున్నాడు.