డమ్మీ నామినేషన్

నామినేషన్ల పరిశీలన పదకొండింటికి. పదిన్నరకే నీలిమ జాకెట్టు చెమటకి తడిసిపోయింది.

“ఏటే, అలా వొణికిపోతన్నావ్? పరీక్ష నాకు గానీ నీకేటి?” అన్నాడు మొగుడు గురునాథరావు, ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కుతూ.

ఆయనకి భయమన్నది లేదు. ఎందుకుంటుంది? నెల రోజులుగా మధురవాడ అపార్టుమెంట్ల నుంచి భీమిలి రేవు దాకా ఆయన మాటే మాట. ఇంటికో ఉద్యోగం ఇప్పిస్తాడు. పంటభూమిలో సెంటు కూడా ఫ్యాక్టరీలకి పోనివ్వడు. కొండల జోలికి ఎవర్నీ రానివ్వడు. జనం ఈలలే ఈలలు. ఈసారి ఎమ్మెల్యే ఆయనేనని ఎదుటి పార్టీవాళ్ళే ఒప్పేసుకుంటున్నారు.

నీలిమ కూడా నామినేషన్ వేసింది. అయ్యో, మొగుడి మీద పోటీకి కాదు! అసలు అభ్యర్థి కాగితాల్లో ఏదైనా తేడా వస్తే పార్టీ గుర్తు చేజారకుండా, ఇంట్లోవాళ్ళ చేత ఇంకొకటి వేయించి ఉంచడం మన నాయకుల రివాజు. దాన్నే డమ్మీ అంటారు. అసలుది నిలిచిందంటే డమ్మీని పట్టించుకునే నాథుడుండడు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి వచ్చింది, పాపం.

ఆమె గుండెదడ మాత్రం ఈనాటిది కాదు. పది రోజుల కిందట, భీమిలి అవతల ఆమె పుట్టింటి ఊళ్ళో మీటింగు పెట్టారు. పిన్ని పోతమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి నిలదీసింది.

“అల్లుడా, మా కొండ తవ్వీస్తారంట గదా! కొండ పోతే గెడ్డలోకి నీళ్ళెక్కడివి? మేం ఏటి తిని బతకాల?”

గురునాథరావు తడుముకోలేదు. పక్కనే నిలబడ్డ నీలిమ తల మీద చెయ్యేశాడు.

“ఇదిగో, నా పెళ్ళాం మీద ఒట్టు! ఆ కొండ మీద గునపం పడనివ్వను, అత్తా!”

చప్పట్లు మోగిపోయాయి. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశారో వాళ్ళకే మూడుతుందని నీలిమ నమ్మకం. ఆ రోజు నుంచి ఆమెకి ముద్ద దిగలేదు. ఎలక్షన్ టెన్షన్ అనుకుని మొగుడు గ్లూకోజ్ పొడి కొనిచ్చాడు.

పదకొండు కొట్టింది. రిటర్నింగ్ అధికారి కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడో లేదో, ఎదుటి పార్టీ ఏజెంటు ఉమాశంకర్ లేచి నిలబడ్డాడు.

“అభ్యంతరం ఉందండీ. ప్రభుత్వ కాంట్రాక్టు సేతిలో ఉన్నోడు పోటీకి పనికిరాడండీ. ఈయనకుంది. కొండ తవ్వి రోడ్డు పనికి గ్రావెల్ తోలే కాంట్రాక్టు.”

ఒక జిరాక్సు కాగితం బల్ల మీద పెట్టాడు. ఏ కొండ? పోతమ్మ వాళ్ళ కొండే!

నీలిమ తల ఎత్తలేదు. మొగుడి కోపం ఆమెకి తెలుసు. డీజిలు దొంగిలించాడని డ్రైవరు చెయ్యి విరగ్గొట్టినప్పుడు ఆమె అక్కడే ఉంది.

“జిరాక్సు పట్టుకుని నేనేం నిర్ణయిస్తానయ్యా? ఒరిజినల్ ఉందా?” అన్నాడు అధికారి.

ఉమాశంకర్ నసిగాడు. చెయ్యి నెమ్మదిగా భుజాన ఉన్న బ్యాగు జిప్పు మీదికి పోయింది.

నీలిమ కళ్ళు ఆ జిప్పుకే అతుక్కుపోయాయి. వద్దు. దేవుడా, తియ్యనివ్వకు. అది బయటికొచ్చిందంటే ఇంక బతుకు లేదు.

అంతలో గురునాథరావు విరగబడి నవ్వాడు.

“ఒరిజినల్ ఈడి దగ్గర ఎలాగుంటాదండీ? అది నా ఇంట్లో బీరువాలో ఉంటే!”

పార్టీ లాయరు ఖయ్యూం నుదురు కొట్టుకున్నాడు.

“అరె, అన్నా! ఎంత పని చేశావ్!”

“అంటే కాంట్రాక్టు ఉందన్నమాట,” అన్నాడు అధికారి.

“ఉంది గానండీ... మా తమ్ముడి పేరున మార్చీసేను.”

“మార్చిన కాగితం ఏది?”

ఖయ్యూం ఫైలంతా గాలించాడు. ఉంటే కదా దొరకడానికి! అధికారి ఇంజనీరింగు ఆఫీసుకి ఫోన్ చేశాడు. కాంట్రాక్టు ఈ రోజుకీ గురునాథరావు పేరు మీదే నడుస్తోందని అవతలి నుంచి చెప్పారు. నామినేషన్ చెల్లదని రాసి, సంతకం పెట్టాడు. తర్వాత నీలిమ కాగితాలు చూశాడు. వాటిలో ఒక్క తప్పూ లేదు.

ఉమాశంకర్ చెయ్యి జిప్పు మీద నుంచి ఎప్పుడో దిగిపోయింది.

బయట వరండాలో ఖయ్యూం సముదాయించబోయాడు.

“గుర్తు మనదే కదన్నా. వదినే మన క్యాండిడేట్. ముందు పార్టీ ఆఫీసుకి పోదాం, పోస్టర్లు మార్పించాలి.”

గురునాథరావు కళ్ళు ఎర్రబడ్డాయి.

“పోదాం. అక్కణ్ణించి తిన్నగా ఇంటికెళ్ళి బీరువా తీస్తాను. కాగితం అందులో లేకపోయిందా, ఇంట్లో తాళంచెవి కాక రెండోది మా తమ్ముడి దగ్గరే ఉంది. ఆణ్ణి ఆ కొండలోనే పాతీస్తాను!”

అన్నంత పనీ చేసే మనిషి.

“దాహంగా ఉందండీ. నీళ్ళు తాగి, ఆటోలో ఇంటికెళ్ళిపోతాను,” అంది.

“ఎళ్ళు,” అన్నాడు ఆమె వంక చూడకుండానే. అప్పటికే ఫోన్‌లో తమ్ముణ్ణి అందుకున్నాడు.

వరండా చివర కుళాయి దగ్గర ఉమాశంకర్ మొహం కడుక్కుంటున్నాడు. మొగుడి కొంప ముంచిన మనిషి! నీలిమ ఒకసారి వెనక్కి చూసి, తిన్నగా అతని దగ్గరికి నడిచి చెయ్యి చాపింది.

“ఆ ఒరిజినల్ ఇలాగిచ్చీ, బాబూ,” అంది గొంతు తగ్గించి, “ఆయనకన్నా ముందెళ్ళి బీరువాలో ఎట్టీయాల.”