కొత్త మనిషి

"ఊడ్చే పని ఏమైనా ఉందా మేడమ్?" గుమ్మంలో నిలబడి అడిగింది ఆవిడ.

"ఊడ్చే పని లేదు. కూర్చునే పని ఉంది, చేస్తావా?" అంది రీసెర్చ్ మేడమ్.

వేళాకోళం అనుకుని ఆవిడ వెనుదిరగబోయింది.

వేళాకోళం కాదు. అది టీచర్లను తయారుచేసే పెద్ద కాలేజీ. పసిపిల్లల మనసు ఎలా ఎదుగుతుందో పరిశీలించడానికి అక్కడ ఒక ఆటగది ఉంది. దాని గోడకు నిలువెత్తు అద్దం. లోపలివాళ్లకు అందులో తమ మొహాలే కనబడతాయి. అవతల కూర్చున్నవాళ్లకు గదంతా కనబడుతుంది.

పరీక్ష చిన్నదే. బిడ్డను తీసుకొచ్చిన మనిషి బయటికి వెళ్తుంది. బిడ్డ ఎన్నడూ చూడని మనిషి లోపలికి వస్తుంది. అప్పుడు బిడ్డ ఏం చేస్తుందో మూడు నిమిషాలు చూసి రాసుకోవాలి. వచ్చే మనిషికి ఫారంలో పేరుండదు. 'కొత్త మనిషి' అని ఉంటుంది, అంతే.

పాత కొత్త మనిషి పెళ్లి చేసుకుని వెళ్లిపోయి వారమైంది.

ఆవిడ పనిలో కుదిరింది. చెప్పిన వేళకు వచ్చేది, చెప్పిన కుర్చీలో కూర్చునేది. పిల్లలు ఆవిడను చూడగానే గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. ఆవిడ చిన్నబుచ్చుకునేది కాదు. మేడమ్‌కు ఆవిడ తెగ నచ్చింది, మంచి కుర్చీ నచ్చినట్టు.

ఒకరోజు వెనకవీధి పిల్లల హోమ్ నుంచి రెండేళ్ల పాప వచ్చింది.

పాపను పెంచుకుంటామని ఒక జంట ముందుకొచ్చారు. పాప కొత్త అమ్మానాన్నలకు అలవాటు పడగలదో లేదో మేడమ్ రాసివ్వాలి. పాప వెనకటి సంగతులేవీ ఆమె అడగలేదు. ముందే కథ తెలిస్తే కన్ను తప్పు చూస్తుందని అక్కడి నియమం. ఆ నియమమంటే వాళ్లకు మహా గర్వం.

హోమ్ ఆయా పాపను గదిలో వదిలి బయటికొచ్చింది. పాప ఏడుపు అందుకుంది. మేడమ్ బెల్లు నొక్కింది.

కొత్త మనిషి తలుపు తీసి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈవిడకేమైంది ఇవాళ?" మేడమ్ విసుక్కుని మళ్లీ నొక్కింది.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. పాప ఏడుపు ఆపేసింది. పరుగున వచ్చి ఆవిడ ఒళ్లోకి ఎక్కింది. బొటనవేలు నోట్లో పెట్టుకుంది. మూడో నిమిషం పూర్తికాకుండానే నిద్రపోయింది.

అద్దం అవతల డజనుమంది కాబోయే టీచర్లు కూర్చున్నారు.

"చూశారా? ముక్కూ మొహం తెలియని మనిషి ఒళ్లో ఎలా నిద్రపోయిందో," అంది మేడమ్. "ఇలాంటి పిల్లలకు తమవాళ్లూ పరాయివాళ్లూ అన్న తేడా తెలీదు. ఎవరి వెంటైనా వెళ్లిపోతారు. రేపు మీ క్లాసులో ఉంటే గుర్తుపట్టాలి. రాసుకోండి."

చివర కూర్చున్న అమ్మాయి రాయలేదు.

"ఇందాక వరండాలో మనందర్నీ చూసి ఏడ్చింది కదా మేడమ్?"

"వరండాలో జరిగింది ఫారంలోకి రాదమ్మా."

నిజానికి మేడమ్ లోలోపల పొంగిపోతోంది. థీసిస్‌కు ఇలాంటి బిడ్డ ఒక్కరు తక్కువై ఆమె ఏడాదిగా వెతుకుతోంది. సంతోషం కళ్లు కప్పేస్తే ఎంత పెద్ద అద్దం ఉండీ ఏం లాభం?

మధ్యాహ్నం కొత్త మనిషి ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"పాప గురించి ఏం రాశారు మేడమ్?"

"ఎవరి దగ్గరికైనా వెళ్లే పిల్ల అని రాశాను. నీకెందుకు?"

"అందరి దగ్గరికీ వెళ్లే పిల్ల కాదు మేడమ్."

"నీకెలా తెలుసు?"

ఆవిడ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"చూస్తే తెలీదా మేడమ్?" అంది చివరికి.

"చూడ్డం నేర్చుకోడానికి నాకు పదేళ్లు పట్టింది. నువ్వు మూడు నిమిషాలు కూర్చున్నావు."

"ఆ అమ్మానాన్నలు వద్దంటారేమో. ఆ ఒక్క మాటా కొట్టేయండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అన్నంత పనీ చేయబోయింది. మేడమ్ చటుక్కున కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"రేపట్నుంచి నువ్వు రావద్దు. కొత్త మనిషికి అభిప్రాయాలు ఉండకూడదు."

ఆవిడ వెళ్లిపోయింది.

రిపోర్టు చదివిన జంట ఇంకో బిడ్డను చూసుకున్నారు. పాపను ఎక్కడో దూరాన ఇలాంటి పిల్లల కోసం ఉన్న ప్రత్యేక కేంద్రానికి పంపేశారు. థీసిస్ అద్భుతంగా వచ్చిందని ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు.

నెల తర్వాత, పాప పుట్టినతేదీ సరిచూసుకోవడానికి మేడమ్ హోమ్‌కు వెళ్లింది.

"పాప ఎలా ఉందండీ?" వార్డెన్‌ను మాటవరసకు అడిగింది.

"ఏం చెప్పమంటారు? తిండి ముట్టడం లేదట. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగి పడుకుంటోందట." ఫైలు వెతుకుతూ అంది వార్డెన్. "ఎవరి దగ్గరికైనా వెళ్తుందని మీరు రాశారు. అక్కడ ఒక్కరి దగ్గరికీ వెళ్లడం లేదు."

మేడమ్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"మరి ఇక్కడున్నప్పుడు?"

"ఇక్కడా అంతే. అయిదు నెలల్లో మా ఆయా ఒళ్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. మీరు అడగలేదు, మేం చెప్పలేదు."



"పాపకు ఎవరూ లేరా?"

"తల్లి ఉంది. సాకే దారి లేక తెచ్చి అప్పజెప్పింది. తల్లి పక్కనే తిరుగుతోందంటే పెంచుకునేవాళ్లు వెనక్కి తగ్గుతారని భయం. పాప ఎదురుపడినా తల్లినని చెప్పనని తనే రాసిచ్చింది. మాట మీద నిలబడే మనిషిలెండి, పాపం."

వార్డెన్ ఫైలు తెరిచి మేడమ్ వైపు తిప్పింది.

సంతకం పక్కన అంటించిన ఫొటోలో, పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది కొత్త మనిషి.