పిల్లకి ఏమైంది?

“గడియ తియ్యవే తల్లీ, నా గుండె ఆగేలా ఉంది!”

అమ్మ బాత్‌రూము తలుపు మీద అరచేత్తో బాదింది. లోపల కుళాయి చప్పుడు. ఆ చప్పుడు చాటున పిల్ల ఏడుస్తోందని అమ్మకి తెలుసు. తెలిశాక ప్రాణం ఊరుకుంటుందా? వినకూడని వార్తలన్నీ ఒక్కసారే చెవుల్లో మోగాయి.

తలుపు తెరుచుకుంది. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

“స్నానం కూడా చేసుకోనివ్వవా?”

“ఇంతసేపు చేసిన స్నానానికి ఒంటి మీద చుక్క తడి లేదేమే? పద, డాక్టరు దగ్గరికి పోదాం.”

“నాకేం రోగం?”

“ఏ రోగమూ లేదనే చెప్పించుకుందాం. నా కోసం రావే.”

మొన్న బట్టలు మడతపెడుతూ, “నిద్రలోనే పోతే హాయి కదమ్మా” అంది పిల్ల, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా. ఆనాటి నుంచి అమ్మకి ముద్ద దిగడం లేదు. ఏం చెయ్యాలో తోచక తీపి పెట్టడం మొదలుపెట్టింది. కేకు ముక్క, బిస్కెట్లు, పాలలో ఇంకో చెంచా పంచదార. పిల్ల తినేది, కాసేపు తేటపడేది, మళ్ళీ ముడుచుకుపోయేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లని అడిగితే అమ్మే జవాబులు చెప్పింది.

“నిద్ర లేదండీ. చీటికీమాటికీ చిరాకు. బట్టలన్నీ నడుం దగ్గర బిగిశాయి. ఇంకా...” అమ్మ గొంతు తగ్గించింది. “నెలసరి కూడా రావట్లేదు.”

పిల్ల తల దించుకుంది. “మైకు తెచ్చివ్వనా అమ్మా? బయటివాళ్ళకి కూడా వినిపిద్దువుగాని.”

“డాక్టరు దగ్గర దాపరికమేమిటే?”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, “మీరు కాసేపు బయట కూర్చోండమ్మా” అంది.

బయట బల్ల మీద అమ్మ చేతిసంచిని పొట్టకి అదుముకుని కూర్చుంది. తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. చాలరేమోనని తెలియని దేవుళ్ళని కూడా పిలిచింది. రక్తపరీక్ష అయ్యాక లోపలికి రమ్మన్నారు.

“ఒంట్లో మారేవి మారాయి. దాంతో నిద్ర చెడింది. నిద్ర చెడి మనసు కుంగింది, ఆ కుంగుబాటుతో తిండీ తిరుగుడూ అదుపు తప్పి చక్కెర పెరిగింది. అన్నిటినీ కలిపే చూడాలి” అంది డాక్టరమ్మ.

అమ్మ కళ్ళు నిండాయి. “ఆ తీపి నేనే పెట్టానండీ. ఈ చేతులతోనే.”

“ప్రేమతోనే పెట్టారు. ఇక దానికి బదులు తోడుగా నడవండి. మందులిస్తున్నాను. మీ అమ్మాయి వారం వారం వచ్చి నాతో మాట్లాడాలి. చచ్చిపోవాలనిపిస్తే దాచకుండా చెప్తానని నాకు మాటిచ్చారు.”

“తగ్గుతుందా?”

“తగ్గుతుంది. మీరు భయపడకండి.”

“భయపడక ఎలాగండీ? నాకున్నది ఇదొక్కత్తే.”

మెట్లు దిగుతూ పిల్ల అమ్మ వేలు పట్టుకుంది. “పొద్దున్నే నన్ను లేపుతావా అమ్మా? నడుద్దాం.”

“లేపుతాను. లేవకపోతే చెంబెడు నీళ్ళు మొహాన కుమ్మరిస్తాను.”

పిల్ల నవ్వింది. ఎన్నాళ్ళకో! రోడ్డు దాటేదాకా అమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

అమ్మకి డెబ్బై ఆరు, పిల్లకి యాభై మూడు.