డాష్‌బోర్డులో ఆవిడ

"ఏమనుకోకండి మాస్టారూ, మనసు మారింది. బండి ఇవ్వను," అన్నాడు దర్జీ, తాళంచెవి మళ్ళీ చొక్కా జేబులో వేసుకుంటూ.

గేరు మాస్టారికి గుండె జారిపోయింది. హైస్కూల్లో ఆయన చెప్పేది లెక్కలే. కార్ల పిచ్చి చూసి పిల్లలు పెట్టిన పేరు అది. జపాన్ కార్ల పుస్తకాలు చదవడానికని పట్టుబట్టి ఆ భాష కూడా నేర్చుకున్న ఘటం. ఈ మోడల్‌ను జపాన్ కంపెనీ ఆపేస్తోందని, పాతవాటికి విడిభాగాలు కూడా ఇక రావని నిన్న పేపర్లో చదివినప్పటి నుంచి ఆయనకు తిండి సయించడం లేదు. ఊరంతా గాలిస్తే ఒంటిమీద గీత పడకుండా మిగిలిన బండి ఇదొక్కటే. కుట్టుమిషన్ల గది పక్కన, రేకుల షెడ్డులో, మిగిలిపోయిన చొక్కాగుడ్డలతో కుట్టిన ముసుగు కింద ఉంది.

"నిన్న ఫోన్లో సరేనన్నారు కదా అన్నగారూ!"

"అన్నాను. పొద్దున ఆఖరిసారి తుడుద్దామని ముసుగు తీశాను. నా వల్ల కాలేదు."

"రేపు ఏ చిన్న ముక్క పోయినా బండి కదలదు. నా దగ్గర మెకానిక్కులున్నారు, పాత సామాను ఉంది, ప్రాణంలా చూసుకుంటాను. అయినా ఆ జపాన్ వాళ్ళకేం పోయేకాలం వచ్చిందో! రెండు కంపెనీలు కలిసిపోతామంటాయి, తీరా పీటల దాకా వచ్చి కాదంటాయి. నిక్షేపంలాంటి ఇంజన్‌ను మూలన పడేసి బ్యాటరీల వెంట పడతాయి. కడుపు తరుక్కుపోతోందనుకోండి."

దర్జీ భార్య టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. "తీసుకుపోండి మాస్టారూ మా సవతిని. పదకొండేళ్ళుగా భరిస్తున్నాను."

"సవతేమిటి వదినగారూ?"

"మీరే వినండి," అంటూ దర్జీ కారెక్కి తాళం తిప్పాడు.

డాష్‌బోర్డులోంచి ఒక ఆడగొంతు జపాన్ భాషలో తియ్యగా ఏదో చెప్పింది. దర్జీ తలవంచి, "అలాగేనమ్మా," అన్నాడు.

మాస్టారికి నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకున్నాడు. బండి జపాన్‌లో వాడి ఇక్కడికి తెచ్చినది. అక్కడి టోల్‌గేటు కార్డు పెట్టే మిషన్ దానిలోనే ఉండిపోయింది. 'కార్డు పెట్టలేదు' అంటోంది ఆవిడ. అంతే.

"ఏమంటోందో తెలుసా మాస్టారూ?" దర్జీ గొంతు మెత్తబడింది. "'నెమ్మదిగా వెళ్ళు, ఇంటి దగ్గర నీ కోసం కనిపెట్టుకుని ఉంటారు' అంటోంది. కారుక్కూడా ఎంత మంచి మాట నేర్పారో చూడండి!"

"ఎవరు చెప్పారు మీకు?"

"ఇదిగో, మా ఆవిడే. పెళ్ళికి ముందు జపాన్ ఇంజనీర్ల గెస్ట్‌హౌస్‌లో వంట చేసేది. నాలుగు ముక్కలొచ్చు."

పాపం, ఆ నాలుగు ముక్కలూ తప్పే వచ్చినట్టున్నాయి అనుకున్నాడు మాస్టారు.

"కొత్తలో బండెక్కితే నేను గాల్లో తేలిపోయేవాణ్ణి," అన్నాడు దర్జీ. "ఒకసారి లారీ కింద దూరబోయి వెంట్రుకవాసిలో బయటపడ్డాను. ఆ మాటకు అర్థం తెలిసిన రోజు నుంచీ నలభై దాటితే ఒట్టు. బేరమంటారా, మీరు చెప్పిన ధర మంచిదే. కానీ పొద్దున్నే ఆ మాట వినకుండా గడప ఎలా దాటను? అది లేకపోతే ఈ ఇనుముతో నాకేం పని? ఆ మాటే లేదంటే ఇప్పుడే పట్టుకుపోండి."

మాస్టారి నోరు ఊరింది. ఒక్క మాట చెబితే చాలు, సాయంత్రానికి బండి తన ఇంటి ముందు ఉంటుంది. అబద్ధం కూడా కాదు, నిజమే. ఇన్నేళ్ళుగా కలలోకి వచ్చిన బండి. ఇది చేజారితే ఇంకోటి దొరకదు, వాళ్ళిక తయారు చెయ్యరు.

"అన్నగారూ, అసలు ఆవిడ అనేదేమిటంటే..."

టీ గ్లాసు అందించబోతున్న వదినగారు ఆగిపోయింది. దర్జీ స్టీరింగు మీద చెయ్యి వేసుకుని, చంటిపిల్లాడిలా కళ్ళెత్తి చూస్తున్నాడు.

మాస్టారు మాట మార్చేశాడు.

"చాలా మర్యాదగా అంటోంది. మన భాషలోకి అంత అందంగా రాదు. బండి మీ దగ్గరే ఉంచుకోండి. ఏ ముక్క పోయినా నాకు కబురు చెయ్యండి, ఎక్కడున్నా వెతికిపెడతాను."

దర్జీ గబగబా దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. అయినా ఎందుకో మనసు తేలికపడింది. టీ తాగి, ముసుగు కప్పడానికి ఒక చెయ్యి వేసి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు.

గేటు దాకా వదినగారు వెంట వచ్చింది.

"మాస్టారూ, మీకు జపాన్ భాష వచ్చు కదూ?"

"ఏదో, కొద్దిగా," తడబడ్డాడాయన. "మీరు చెప్పిన అర్థమే వదినగారూ. ఒకటీ అరా తేడా, అంతే."

ఆవిడ షెడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"కార్డు పెట్టలేదని అంటోందని నాకు మొదటి రోజే తెలుసు మాస్టారూ. నెమ్మదిగా వెళ్ళమని నేను మొత్తుకుంటే ఏనాడూ వినని మనిషి, సవతి చెప్పిందంటే విన్నారు!"